వినబడదన్నవాళ్ళ మధ్య

నేను ఒక వినికిడి యంత్రాన్ని. చెవి వెనక కొక్కెంలా కూర్చునే చిన్న వస్తువును. ఏదో ఫ్యాక్టరీలో నాలాంటివి వేలకొద్దీ పుడుతుంటే వాటితోపాటు పుట్టాను. అట్టపెట్టెలో లారీ ఎక్కి, ఒక జిల్లా కేంద్రంలో షామియానా కింద తేలాను. అది దివ్యాంగులకు ఉచితంగా పరికరాలిచ్చే శిబిరం. వేదిక మీదున్న పెద్దాయన నన్ను నాగభారతి చేతిలో పెట్టాడు. ఫొటో సరిగా రాలేదనేసరికి మళ్ళీ తీసుకుని మళ్ళీ పెట్టాడు. "ఇక నువ్వు ఎవరికీ తీసిపోవమ్మా!" అని మైకులో ప్రకటించాడు. నేను నమ్మాను. లోకానికి కొత్తదాన్ని కదా.

నాగభారతికి చిన్నతనంలో మెదడువాపు జ్వరం వచ్చి వినికిడి చాలావరకు పోయింది. ఆమె ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు. ఎదురుగా ఉండి మాట్లాడితే చాలు, కాస్త నా సాయంతో, కాస్త పెదవుల కదలికతో అన్నీ అందుకునేది. ఫోనుతో మాత్రం మా ఇద్దరికీ పడదు. రిసీవరు దగ్గరికొస్తే నేను కీచుమని కూత పెడతాను.

ఒక ఏడాది సూపరింటెండెంటు కుర్చీ ఖాళీ అయింది. సీనియారిటీలో మొదటి పేరు నాగభారతిదే. ప్రమోషను మాత్రం ఆమె తర్వాతి పేరు సలీమాకు వచ్చింది. వాళ్ళిద్దరూ ఏళ్ళ తరబడి ఒకే బల్ల దగ్గర క్యారేజీలు విప్పుకున్నవాళ్ళు. ఆ రోజు సలీమా అన్నం తినడానికి రాలేదు.

తనను ఎందుకు దాటేశారో అడుగుదామని నాగభారతి పరిపాలనాధికారి పురుషోత్తమరావు గదికి వెళ్ళింది. ఆయన కంప్యూటరు మీదనుంచి చూపు తిప్పలేదు.

"సూపరింటెండెంటంటే ఫోన్లు ఎత్తాలమ్మా. కలెక్టరాఫీసు నుంచి ఫోనొస్తే ఏం చేస్తావ్?"

"సార్, కొంచెం ఇటు తిరిగి చెప్పండి."

"చూశావా? నేను చెప్పేదీ అదే."

నాకు ఒళ్ళు మండింది. నన్నిచ్చింది ప్రభుత్వమే. నేనుండగా ఈమె పనికిరాదంటున్నదీ ప్రభుత్వమే. ఇద్దరూ ఒకరేనన్న సంగతి వాళ్ళలో ఎవరికీ తట్టినట్టు లేదు.

వివక్ష జరిగిందని ఆమె శాఖకు ఫిర్యాదు పెట్టింది. విధులు నిర్వర్తించలేరు కనుక తిరస్కరించడమైనదని రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఆమె భర్త రాజారత్నం బడిపంతులు, నెమ్మదస్తుడు.

"వదిలెయ్ భారతీ. జీతం వస్తానే ఉందిగా," అన్నాడు.

"జీతం కోసం కాదండీ. చేయలేనని రాశారు. చేయనిచ్చి చూశారా ఒక్కరోజైనా?"

మర్నాడు ఆయనే రాజధానికి రెండు టిక్కెట్లు తీశాడు. ఇలాంటి అప్పీళ్ళు వినే కార్యాలయం అక్కడుంది. కాగితాలు తీసుకుని, కబురు చేస్తామన్నారు. నెలలు గడిచాయి. కబురు లేదు. విసిగి మళ్ళీ వెళ్తే, కౌంటరు దగ్గర గుమాస్తా పేరు వెతికి పెదవి విరిచాడు.

"మీది మూసేశామండీ. వాయిదా ఉందని ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. ఆసక్తి లేదని రాసేశాం."

"నాకు ఫోను వినబడదు. వినబడదనే గదండీ ఈ అప్పీలు!"

"ఆ ముక్క ఫోనెత్తి చెప్పాల్సింది."

అతను వేళాకోళమాడలేదు. నిజంగానే అన్నాడు. అందుకే నాకు ఇంకా మంట. తిరుగు ప్రయాణంలో నాగభారతి బస్సు కిటికీకి తల ఆనించి ఏడ్చింది. వెక్కిళ్ళు నాకు ఉరుముల్లా వినబడ్డాయి. ఇంటికి రాగానే ముఖం కడుక్కుని, అప్పీలు తిరిగి తెరవమని అర్జీ రాయడానికి కూర్చుంది.

ఎట్టకేలకు తెరిచారు. విచారణకు శాఖ తన సాక్షిగా సలీమాను వెంటబెట్టుకొచ్చింది. వరండాలో సలీమా మా దగ్గరికి వచ్చి, ఎదురుగా నిలబడి, పెదవులు స్పష్టంగా కదుపుతూ అడిగింది.

"అక్కా, నువ్వు గెలిస్తే నన్ను దించేస్తారంట. నిజమేనా?"

"తెలీదు సలీమా. నిన్ను దించమని నేనెక్కడా అడగలా. నా వంతు నాకిమ్మన్నా."

సలీమా తల ఊపి లోపలికి వెళ్ళిపోయింది.

గదిలో పాత ఫ్యాన్లు రొద పెడుతున్నాయి. విచారణాధికారిణి నడివయసు మనిషి. నాగభారతి అడగకముందే ఫ్యాన్లు ఆపించి, కుర్చీ ఇటు తిప్పుకుంది. ఇన్నాళ్ళలో ఆ మాత్రం చేసిన అధికారి ఆమె ఒక్కతే. పురుషోత్తమరావు చెమట తుడుచుకుంటూ పాత పాటే అందుకున్నాడు. ఫోను ఎత్తడం ఆ కుర్చీకి ముఖ్యమైన విధి అన్నాడు.

అధికారిణి సలీమా వైపు చూసింది. "ఇప్పుడు ఆ కుర్చీలో మీరే కదా. రోజూ ఫోన్లు మీరే ఎత్తుతారా?"

పురుషోత్తమరావు గొంతు సవరించుకున్నాడు. సలీమా ఆయన వైపు చూసింది, తర్వాత నాగభారతి వైపు చూసింది.

"లేదు మేడమ్. ఫోను అటెండరు బల్ల మీదుంటది. అతనే ఎత్తి, చీటీ మీద రాసి ఇస్తాడు. ముందున్న సూపరింటెండెంటు గారున్నప్పుడూ అంతే."

"ఆ చీటీ ఈమె చదవలేరా?"

"అక్క నాకంటే బాగా చదువుద్ది మేడమ్."

తీర్పు నాగభారతికి అనుకూలంగా వచ్చింది. సలీమాను ప్రమోట్ చేసిన తేదీ నుంచే ఈమెకూ ప్రమోషను ఇవ్వాలని, సలీమాను కదపకుండా మరో సెక్షనులో ఖాళీ చూపాలని ఆదేశం. దాన్ని అమలు చేయడానికి శాఖ ఇంకో ఏడాది 'పరిశీలించింది'. ఏం పరిశీలించిందో నాకైతే తెలియదు. చివరికి కుర్చీ ఇచ్చారు. ఆ మధ్యాహ్నం సలీమా క్యారేజీ తీసుకుని ఆ గదికే వచ్చింది.

ప్రభుత్వానికి ఏదైనా చేశాక సభ పెట్టందే తోచదు. హాల్లో బ్యానరు కట్టారు, శాలువా తెచ్చారు. పురుషోత్తమరావు నాగభారతి భుజాల మీద శాలువా కప్పి మైకు పుచ్చుకున్నాడు.

"నాగభారతి గారిని మేం మొదటి నుంచీ ప్రోత్సహిస్తూనే వచ్చాం. వైకల్యం మనసుకే గాని..."

నాగభారతి చిరునవ్వు చెదరనివ్వలేదు. జుట్టు సర్దుకుంటున్నట్టు చెయ్యి చెవి వెనక్కి పోనిచ్చి, నన్ను ఆపేసింది.