ఆదివారం తిరిగొచ్చే పేరు

"నేను ఎక్కించలేదని ఎన్నిసార్లు చెప్పాలే నీకు?" అంది నెరెయిదా అక్క ఫోనులో. "నీ పాత మొగుడి పేరు వారం వారం రాసుకుంటూ కూర్చోడానికి నాకు వేరే పనీపాటా లేదనుకున్నావా?"

"మరెవరు ఎక్కిస్తున్నారు? నీ కంప్యూటరు ముందు నువ్వు కాక ఇంకెవరు కూర్చుంటారు?"

"నా సంగతి సరే. నీ కంప్యూటరు ముందు ఎవరెవరు కూర్చుంటున్నారో అది చూసుకో ముందు. నీ ఇంట్లో అంతమంది ఉన్నారు."

"నువ్వొచ్చి వెళ్ళాకే వస్తున్నాడక్కా. శనివారం దాకా ఉండడు. ఆదివారం నువ్వు భోంచేసి వెళ్తావు. చూస్తే ఉంటాడు."

"అయితే ఇక భోజనానికి రానులే. సరేనా?"

ఫోను పెట్టేసింది. నేను వంటింట్లోకి పరిగెత్తేసరికి నల్ల చిక్కుడు గింజలు అడుగంటాయి.

అక్క ఉండేది రెగ్లాలో. మేముండేది రేవుకి ఇవతల, పాత హవానాలో. మధ్యలో పడవ. మా ఇద్దరికీ చెరో పాత కంప్యూటరు ఉంది, రెండింటిలోనూ ఒకటే డేటాబేస్. మాకు తెలిసిన మనుషులందరూ అందులో ఉంటారు, మనిషికో కార్డు. పుట్టినరోజు, ఇల్లు, ఫోను, చెప్పుల కొలత, మా కేకు గిన్నె ఎవరి దగ్గర ఉండిపోయింది, ఎవరికి రొయ్యలు పడవు, అన్నీ. వారమంతా నేనిక్కడ, అక్క అక్కడ, తెలిసినవి రాసుకుంటాం. ఆదివారం అక్క తన కార్డులన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, దాన్ని జాకెట్టులో దోపుకుని పడవెక్కుతుంది, పడవ దగ్గర సంచులు వెతుకుతారని. ఇక్కడ నా కంప్యూటరుకి తగిలించి ఒక మీట నొక్కితే రెండూ కలిసిపోతాయి. కలిసినవాటిని తను మళ్ళీ రెగ్లాకి తీసుకుపోతుంది. ఆ రెండు కంప్యూటర్లకీ మధ్య తీగ అంటూ ఉంటే అది మా అక్కే.

కలిపే ప్రోగ్రాం రాసింది రిగోబెర్తో. అప్పుడతను నా భర్త. తర్వాత మతాంసాస్‌లో ఇంకొకావిడ దగ్గరికి వెళ్ళిపోయాడు. ప్రోగ్రాం ఉండిపోయింది. బాగానే పనిచేస్తోంది కదా అని మేమూ ఉంచుకున్నాం. అతని కార్డు కూడా ఉండిపోయింది. మొదట్లో దాన్ని తెరవడానికి మనసొప్పలేదు, తర్వాత గుర్తే రాలేదు.

ఇప్పుడు గుర్తు రావలసి వచ్చింది. మా అమ్మాయి లిసాంద్రకి పదిహేనేళ్ళు నిండబోతున్నాయి, ఇక్కడ ఆడపిల్లకి అది పెళ్ళంత పండుగ. అద్దె గౌను కుదిరింది, వీధి చివర డాబా కుదిరింది, పిలుపులకి ఈ కార్డుల్లోంచే పేర్లు తీసుకోవాలి. ఎవరిని పిలవకూడదో వాళ్ళను తీసేస్తూ కూర్చున్నాను. మొట్టమొదట తీసింది రిగోబెర్తోని.

ఎందుకు తీశానో దాచాల్సిన పనేమీ లేదు. పదిహేనేళ్ళ పండుగలో తొలి వాల్జ్ నాట్యం పిల్ల తన తండ్రితో ఆడాలి. రిగోబెర్తో వచ్చాడంటే అందరి కళ్ళూ అతని వైపే తిరుగుతాయి, లిసాంద్ర చెయ్యి అతనికే అందుతుంది. నా ఇప్పటి భర్త ఎవెలియో గోడ పక్కన నిలబడి చప్పట్లు కొట్టాలి. దాన్ని బడికి తీసుకెళ్ళిందీ, జ్వరమొస్తే భుజాన వేసుకుని పాలీక్లినిక్‌కి పరిగెత్తిందీ ఎవెలియో. బస్సుల షెడ్డులో ఇంజన్లు విప్పే మనిషి, పుట్టి బుద్ధెరిగి అడుగు వేసి ఆడలేదు. నెల రోజులుగా మేడ మీద కుర్చీ పట్టుకుని వాల్జ్ నేర్చుకుంటున్నాడు. మోకాలు పట్టేస్తే కుర్చీలోనే కూర్చుని కాసేపు అడుగులు లెక్కపెట్టుకుంటాడు.

అందుకే తీసేశాను. ఆదివారం వచ్చింది, అతనూ వచ్చాడు. మళ్ళీ తీశాను. మళ్ళీ ఆదివారం.

అక్కకి అతనంటే మొదటినుంచీ అభిమానం. అందుకే తనమీదే అనుమానం వచ్చింది. ఇప్పుడు తను కాదంటోంది. మరెవరు?

అమ్మని అడిగాను. అమ్మ బాల్కనీలో బియ్యం ఏరుతోంది.

"నేనా?" అంది అమ్మ. "ఆ డబ్బా ముందా? ఒకసారి దాని మీద దుమ్ము తుడిచానని నువ్వు సాయంత్రం దాకా అరిచావు. అప్పట్నుంచి దాని పక్కగా కూడా నడవను."

"కాదమ్మా, నువ్వు ఎవరితోనైనా చెప్పి వేయించావేమోనని."

"వేయించాలంటే నీతోనే చెప్తాను కదే. నాకు భయమా? తండ్రి లేకుండా పదిహేనేళ్ళ పండుగేమిటని నీ మొహం మీదే అన్నాను, అన్నానా లేదా? తర్వాత ఎవెలియో కుర్చీతో తంటాలు పడటం చూసి నోరు మూసుకున్నాను. ఇప్పుడు నాకేమనాలో నాకే తెలీదు. జరుగు, వెలుతురుకి అడ్డం నిలబడ్డావు."

లిసాంద్రని అడగలేదు. అడగడానికి నోరు రాలేదు. ఆ కంప్యూటరులో పేకాట ఆడేది అదే. అవునంటే ఏం చెయ్యను? కాదంటే నమ్ముతానా? బట్టలు మడత పెడుతూ దాని మొహం చూశాను. అది జడ చివరలు చూసుకుంటూ, "ఏంటమ్మా అట్లా చూస్తున్నావు, నా మొహం మీద ఏమైనా ఉందా?" అంది. ఏమీ లేదన్నాను.

ఇక మిగిలింది ఎవెలియో. అతనిది మెత్తని మనసు. పిల్ల బాధపడుతుందేమోనని తనే పెట్టి ఉంటాడా? షెడ్డు నుంచి వచ్చి చేతులకి సబ్బు రుద్దుకుంటుంటే వెనక నిలబడి అడిగాను.

"నేనెందుకు పెడతాను?" అన్నాడు.

"ఏమో. నీ సంగతి నాకు తెలుసు కదా."

అతను చేతులు కడుక్కున్నాడు, తుడుచుకున్నాడు, తువ్వాలు మడిచి తీగ మీద వేశాడు. "నేను పెట్టలేదు ఇదాల్మిస్. కానీ ఎవరైనా పెట్టినా తప్పేముంది? వాడు దాని తండ్రే కదా."

"మరి నువ్వెవరు?"

"అది నన్నడుగుతావేంటి?" అని కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టాడు.

నాకు ఇంకా అయోమయమైపోయింది. అతని కోసం అతనికి అక్కర్లేని పోట్లాట పెట్టుకున్నానా? మర్నాడు బట్టలు ఉతుకుతుంటే ఇంకో ఆలోచన వచ్చింది. ప్రోగ్రాం రాసిందే రిగోబెర్తో. తనని ఎవరూ తీసేయలేకుండా ఏదో కిటుకు పెట్టి వెళ్ళాడేమో. వెళ్ళిపోయేవాడు ఎందుకు పెడతాడు, వెళ్ళిపోతాడని అప్పుడతనికి తెలుసా? తెలిస్తే ఎప్పట్నుంచి తెలుసు? చొక్కా ఒకటి రెండుసార్లు ఉతికి, ఇంకోటి ఉతక్కుండానే ఆరేశాను.

రానన్న అక్క ఆదివారం వచ్చింది. అలిగినట్టు మొహం పెట్టుకుని, చేతిలో కాగితం సంచితో.

"నీ కోసం రాలేదు, అమ్మ కోసం వచ్చాను," అని సంచి బల్ల మీద పెట్టింది. "పిలుపు కాగితాలు. మా పక్కింటి ఆమె పేర్లన్నీ నా కంప్యూటరులోంచే తీసుకుని అచ్చువేసి ఇచ్చింది. వీధుల వారీగా వేరుచేసి ఇస్తే ఎవెలియో సైకిలు మీద పంచి వస్తాడు."

బల్ల చుట్టూ కూర్చున్నాం. గులాబీ రంగు కాగితాలు, మీద పేర్లు. పంది మాంసం అమ్మే బార్తోలో పేరు రెండుసార్లు వచ్చింది. "ఒకటి తనకి, ఒకటి పందికి," అంది లిసాంద్ర. ఎదురింటి కూకా పేరు కూడా రెండుసార్లు ఉంది, ఒకటి పాత ఫోను నంబరుతో, ఒకటి కొత్తదానితో. నేను రిగోబెర్తో కాగితం కోసమే వెతుకుతున్నాను. అంతలో అమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఇది మా సిన్‌ఫొరియానోది," అంది.

అమ్మ తమ్ముడు, మా మామయ్య, కిందటి శీతాకాలంలోనే చనిపోయాడు. అతని కార్డు నా చేత్తో నేనే తీసేశాను.

అమ్మ కాగితాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివింది. "కుటుంబ సమేతంగా రమ్మని రాశారు," అంది. "పంపించండి మరి. వాడు పార్టీ అంటే ఎప్పుడూ మానేవాడు కాదు, పిలవకపోయినా వచ్చేవాడు."

అక్క నా వైపు తిరిగింది. "ఇదీ నేనే చేశానంటావా? చచ్చిపోయిన మామయ్యని కూడా నేనే పిలుస్తున్నానా? చెప్పవే."

రిగోబెర్తోని తిరిగి పెట్టడానికి ఎవరికైనా కారణం ఉండొచ్చు. మామయ్యని తిరిగి పెట్టడానికి ఎవరికి ఉంటుంది?

"పెద్దమ్మా, పెన్‌డ్రైవ్ ఇటివ్వు," అంది లిసాంద్ర. అక్క అటు తిరిగి జాకెట్టులోంచి తీసి ఇచ్చింది. లిసాంద్ర వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చుంది. వెనకాలే మేమంతా నిలబడ్డాం. అది తన కార్డే తెరిచి, తీసేసింది.

"ఏంటే ఆ పని," అన్నాను.

"ఉండమ్మా." మళ్ళీ పేర్లన్నీ వెతికి చూపించింది. తన పేరు లేదు. పెన్‌డ్రైవ్ తగిలించి మీట నొక్కింది. కంప్యూటరు కాసేపు గరగరలాడింది. మళ్ళీ వెతికితే లిసాంద్ర ఉంది, పుట్టినరోజుతో, చెప్పుల కొలతతో సహా.

"ఎవరు పెట్టారు నన్ను?" అంది. "ఎవరూ పెట్టలేదు. దీనికి తీసేయడమంటే ఏంటో తెలీదమ్మా. ఒకచోట ఉండి ఇంకోచోట లేకపోతే, రాయడం మర్చిపోయారనుకుని తెచ్చి పెట్టేస్తుంది. ఒకే మనిషి వివరాలు రెండుచోట్లా వేరువేరుగా ఉంటే రెండు కార్డులూ ఉంచేస్తుంది. అందుకే బార్తోలో ఇద్దరయ్యాడు."

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు తెలీలేదు?" అంది అక్క.

"ఇన్నేళ్ళూ మీరు ఆ తాతయ్యని తప్ప ఎవరినైనా తీశారా? ఆయన్నీ తీశాక మళ్ళీ వెతికి చూళ్ళేదు. రాసుకుంటూ పోయారు, అంతే."

"ఏదీ పోకూడదని రాస్తున్నానన్నాడు రిగోబెర్తో," అన్నాను. ఆ మాట ఎందుకన్నానో తెలీదు. "అప్పుడు మంచిదే అనిపించింది."

అక్క నా భుజం మీద ఒక్కటి వేసింది, గట్టిగానే. "వారం పాటు నన్ను దొంగని చేశావు కదే, పిచ్చిమొహమా. కాఫీ అయినా పెట్టు."

కాఫీ పెట్టాను. తాగుతూ అక్క అంది: "అయితే విరుగుడు తెలిసింది కదా. ఇక్కడ నువ్వు తీసెయ్యి, ఈ పెన్‌డ్రైవ్‌లోనూ తీసెయ్యి. నేను ఇంటికెళ్ళగానే నా దాంట్లో తీసేస్తాను. ఇక రాడు. రెండు వైపులా ఒప్పుకుంటేనే పోతాడన్నమాట. నేను ఒప్పుకున్నాను, పో."

ఇన్నాళ్ళూ నేను కోరుకున్నది అదే. కంప్యూటరు ముందు కూర్చున్నాను. రిగోబెర్తో కార్డు తెరిచాను. మీట మీద వేలు పెట్టి, నొక్కకుండా అలాగే ఉండిపోయాను. ఇంతకుముందు ఎవరో ఎదురు నిలిచారనుకున్నాను కాబట్టి తీసేయడం తేలిగ్గా ఉండేది. ఇప్పుడు ఎదురెవరూ లేరు. ఇప్పుడు తీసేస్తే నేనే తీసేసినట్టు.

వెనక బల్ల దగ్గర ఎవెలియో కాగితాలు వీధుల వారీగా సర్దుతున్నాడు. ఒకటి విడిగా పట్టుకుని, "మతాంసాస్‌కి సైకిలు మీద వెళ్ళలేను," అన్నాడు. "పోస్టులో వెయ్యాలి. వెయ్యాలా, వద్దా?"

"ఇదాల్మిస్‌ని అడుగు," అంది అమ్మ.

"నన్నెందుకు అడగడం? నీకు చెప్పాలని లేదా?" అన్నాను, వెనక్కి తిరగకుండానే.

ఎవెలియో ఆ కాగితాన్ని తిరగేసి చూశాడు. "వస్తే వాల్జ్ వాడే ఆడాలి," అన్నాడు. "అది పద్ధతి. నేను పక్కకి తప్పుకుంటాను, నాకేం బాధలేదు. ఈ మోకాలికి కూడా అదే మంచిది. పిల్లకి ఆ రోజు ఏ లోటూ ఉండకూడదు, అంతే."

"ఎంత బాధలేదో నీ మొహం చూస్తే తెలుస్తోందిలే, మరిదీ," అంది అక్క. "అద్దం తెమ్మంటావా?"

"మనం వాణ్ణి ఒక్క రోజుకి..." అని అమ్మ మొదలుపెట్టింది. "ఒక్క రోజు కాదమ్మా, ఆ ఒక్క రోజే..." అని నేను. "ఫోటోల్లో ఎవరుండాలి, అది చెప్పండి," అని అక్క. ముగ్గురం ఒకేసారి మాట్లాడుతున్నాం. ఎవరు ఎవరి పక్షమో నాకే తెలియలేదు. అమ్మ ఎవెలియో తరఫున అంటోందా, రిగోబెర్తో తరఫునా? నేను ఎవరి తరఫున అంటున్నాను?

లిసాంద్ర వంటింటి గుమ్మంలో నిలబడి వేయించిన అరటికాయ ముక్క తింటోంది. అది నోట్లోది మింగేదాకా దాని వైపు ఎవరూ చూడలేదు. ఈ నెల రోజుల్లో దాన్ని ఎవరూ అడగలేదని నాకప్పుడు తట్టింది. కంప్యూటరులో వేలు పెట్టావా అని అడగాలనుకున్నాను కానీ, నీకేం కావాలి అని అడగాలని తోచలేదు.

"లిసాంద్రా," అన్నాను. "నువ్వు చెప్పు తల్లీ."

అది వేళ్ళు లంగాకి తుడుచుకుంది. నేను వద్దనలేదు. వచ్చి ఎవెలియో చేతిలోంచి ఆ కాగితం తీసుకుని, మిగతా కాగితాల మీద పెట్టింది.

"నాన్న వస్తాడు," అంది మెల్లగా. "అమ్మమ్మ పక్కన కుర్చీలో కూర్చుంటాడు, కేకు తింటాడు, నాతో ఒక ఫోటో దిగుతాడు. వాల్జ్ మాత్రం ఎవెలియోతోనే. అది నేనే నాన్నకి ఫోను చేసి ముందుగా చెప్తాను. మీరెవరూ చెప్పొద్దు."