చెయ్యి తప్పిన కాఫీ

మా మామగారు పద్మనాభయ్యగారికి పేకాట లేదు. చుట్ట లేదు. ఊరి తగాదాల్లో తలదూర్చే సరదా అసలే లేదు. అలాంటి మనిషితో ఏగడం ఎంత కష్టమో పడ్డవాళ్లకే తెలుస్తుంది. ఒక్క దురలవాటున్నా మగవాడు రోజులో కాసేపు దానికోసమైనా ఇల్లు వదిలిపోతాడు. మా మామగారు ఎక్కడికీ పోరు. తెల్లవారి లేచింది మొదలు వంటింటి గడప దగ్గర పీట వేసుకుని కాఫీ ఫిల్టరుకు కాపలా కూర్చుంటారు.

ఆ ఇత్తడి ఫిల్టరు మా అత్తమ్మ ఆదిశేషమ్మగారు కాపురానికి వచ్చేటప్పుడు పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. పైన ఒక గిన్నె, దాని అడుగున సన్నటి చిల్లులు, కింద డికాషన్ దిగే గిన్నె, పొడిని అదిమిపెట్టడానికి కాడ ఉన్న బిళ్ల. సరంజామా అంతే. దానికి మామగారు పెట్టిన మడి మాత్రం ఇంట్లో దేవుడికి కూడా లేదు. బయట చింతపండుతో తోమాలి, లోపలికి చింతపండు తగలకూడదు, తగరం పూసిన కళాయి పోతుంది. బూడిద ముట్టించకూడదు, చిల్లుల్లో ఇరుక్కుంటుంది. చిల్లు పూడితే చీపురుపుల్లతో పొడవాలి గానీ సూదితో కాదు. సూది పెడితే చిల్లు పెద్దదై డికాషన్ నీళ్లలా జారిపోతుంది. కడిగిన తరువాత తుడవడం ఆయన వంతు. చెమ్మ లేకుండా తుడిచే ఓపిక ఆడవాళ్లకు ఉండదని ఆయన సిద్ధాంతం. నేను బి.ఏ. చదివాను. ఆ సిద్ధాంతం నాకు ఏ పుస్తకంలోనూ తగల్లేదు.

అంత పట్టింపు ఎందుకంటే, మామగారికి ముక్కు ఉంది. అందరికీ ఉండేది కాదు. జువ్వలదిన్నె నుంచి చేపలమ్మే మస్తానమ్మ వీధి మలుపు తిరక్కముందే గంపలో ఏముందో, అది నిన్నటిదో ఇవాళ్టిదో చెప్పేవారు. “ఈ మహానుభావుడు ఇంట్లో లేనప్పుడు చెప్పండమ్మా, అప్పుడొస్తా” అని మస్తానమ్మ మొత్తుకునేది. చుట్టుపక్కల ఎవరింట్లో నెయ్యి కొన్నా గిన్నె ముందు మా గడపకు వచ్చేది.

ఇక పొద్దున కాఫీ. అత్తమ్మ మొదటి గ్లాసు ఆయన చేతికిచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుంటున్నట్టు నటిస్తూ అక్కడే నిలబడేది. ఆయన గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, “ఊఁ” అనేవారు. అప్పుడు అత్తమ్మ లోపలికి వెళ్లేది. ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఆమెను మెచ్చుకున్నది ఆ ఒక్క అక్షరంతోనే. ఆమె దాన్ని పెద్ద బిరుదులాగానే పుచ్చుకునేది.

యాభై ఏడులో ఫ్లూ జ్వరం మద్రాసులో రైలెక్కి మా కావలి దాకా వచ్చింది. మా ఇంట్లో ఒక్కొక్కరినీ పడుకోబెట్టి లేపి, చివరికి మామగారిని పట్టుకుంది. ఆయన లేచి, పథ్యం తిని, మళ్లీ పీట మీద కూర్చున్న మొదటి రోజు అత్తమ్మ కాఫీ ఇచ్చింది. ఆయన వాసన చూశారు. ఒక గుక్క తాగారు. కళ్లు మూసుకోలేదు.

“ఏందే ఇది? వేణ్ణీళ్లా?”

“కాఫీయే. రోజూ పెట్టినట్టే పెట్టినా.”

“ఫిల్టరు చెడినట్టుంది” అని గ్లాసు పక్కన పెట్టేశారు.

మర్నాడే కళాయి వేసే అమీర్ బాషాకు కబురు వెళ్లింది. అతను వీధిలో కొలిమి పెట్టుకుని, ఫిల్టరు లోపలంతా వేలితో రాసి చూశాడు.

“పెద్దయ్యా, మొన్ననే గదా పూసినా? అద్దం మాదిరుంది.”

“నాకు అద్దం ఎందుకు, కాఫీ గావాల. పూయి.”

“పూస్తా, నాదేం బోయె. రేపు కాఫీ బాగలేకుంటే మళ్లా నన్ననగూడదు.”

“నిన్నుగాక ఎవుర్నంటా?”

“ఎందుకు, ఇంట్లో అమ్మ లేదా?” అని నవ్వాడు అమీర్ బాషా.

మామగారు కూడా నవ్వారు. తలుపు చాటున నిలబడ్డ అత్తమ్మ నవ్వలేదు.

కొత్త కళాయి తళతళలాడింది. కాఫీ కుదరలేదు. అప్పుడు మామగారు స్వయంగా మద్రాసు వెళ్లి ఎవర్‌సిల్వర్ ఫిల్టరు తెచ్చారు. కళాయి బాధ లేదు, చిలుము పట్టదు, సైజు కూడా పెద్దది. వీధిలో ఆడవాళ్లంతా కొత్త కోడలిని చూసినట్టు వచ్చి చూసి, చెంపలు తాకినట్టు తాకి పోయారు. నేను కాపురానికి వచ్చినప్పుడు కూడా అంతమంది రాలేదు. ఆ ఫిల్టరులోనూ కాఫీ కుదరలేదు. “ఇనుములో ఏముంటది రుచి!” అన్నారు. తరువాత పొడి మీద అనుమానం వచ్చి, బల్ల అంచుకు బిగించి గింజలు ఆడించే చేతిమర ఒకటి కొన్నారు. తరువాత నీళ్ల మీద. మా బావిలో కాస్త ఉప్పదనం ఉన్నమాట నిజమే, అందుకని ఊరవతల మంచినీళ్ల బావి నుంచి కాఫీకి విడిగా బిందె రావడం మొదలైంది.

ఇది చూడ్డానికి తమాషాగా ఉండేది, అత్తమ్మ ముఖం చూడనంతవరకు. ఆమె కాలేజీ మెట్లెక్కలేదు గానీ, తర్కం తెలియని మనిషి కాదు. ఫిల్టరు మారింది. కళాయి, పొడి, నీళ్లు అన్నీ మారాయి. మారనిది ఇంక ఏముంది?

ఒక పొద్దున ఇత్తడి ఫిల్టరు నా చేతిలో పెట్టింది.

“ఇంక నువ్వే పెట్టమ్మే. నాకు చెయ్యి తప్పింది.”

“అదేంది అత్తమ్మా, మాకందరికీ బాగానే ఉందిగా?”

“మీకు బాగుంటే ఏంది?” అంది.

ఆ తరువాత పులుసు దించే ముందు కూడా నన్ను పిలిచేది. “ఉప్పు సరిపోయిందేమో చూడమ్మే.” ఊరగాయకు పాళ్లు చెప్పమని పదిమంది అడిగే మనిషి గరిటె పట్టుకుని, తప్పు చేసిన చిన్నపిల్లలా నా ముఖంలోకి చూసేది. నాకు ఒళ్లు మండిపోయేది, ఎవరి మీదో తెలియక.

నేను పెట్టిన కాఫీకీ అదే శిక్ష పడింది. మామగారు పచ్చి గింజలు తెప్పించారు, తానే వేయిస్తానన్నారు. బాణలి పెట్టి, చేతిమర పక్కన పెట్టుకుని, గరిటెతో తిప్పుతూ కూర్చున్నారు. గింజలు పసుపుపచ్చనయ్యాయి, ఎర్రబడ్డాయి, నల్లబడ్డాయి. ఘుమఘుమ వచ్చింది, పోయింది, మాడు వాసన మొదలైంది. ఆయన తిప్పుతూనే ఉన్నారు.

“మామా, దించుదామా?” అన్నాను.

“ఉండమ్మా, వాసన రానీ.”

ఇల్లంతా పొగ. గోడవతల నుంచి కామాక్షయ్యగారు “పద్మనాభయ్యా, మీ ఇంట్లో ఏందో తగలబడతాంది, చూసుకో!” అని కేక వేశారు. ఆయన ఉలిక్కిపడి బాణలి దించారు. బొగ్గులైన గింజల వైపు చూసి, తరువాత నా వైపు చూశారు. “బాణలి పల్చన” అన్నారు. ఆయన గొంతులో ఎప్పుడూ ఉండే ధీమా లేదు.

అనుమానం ఉన్నచోట పరీక్ష చెయ్యాలని చదువుకున్నాను కనుక, మర్నాడు ఒక పని చేశాను. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, మరలో ఆడించి, ఆ పొడితో పాలు, చక్కెర కలిపి ఇచ్చాను. వాసన చూశారు. తాగారు. తాగి, “నిన్నటికన్నా కాస్త నయం” అన్నారు.

నవ్వు తన్నుకొచ్చి వంటింట్లోకి పారిపోయాను. పొయ్యి దగ్గర నిలబడ్డాక ఆ నవ్వు ఎటు పోయిందో పోయింది. గ్లాసులో కాఫీ ఉందో చింతగింజలున్నాయో తెలియని చోట ఆయన ఒక్కరే కూర్చుని ఉన్నారు, ఎవరికీ చెప్పుకోకుండా.

మా ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టరు. చెప్పాను.

“నాయనకు వాసన తెలవడం లేదా? ఆ మాట ఆయనతో ఎవురు చెప్తారు?” అన్నారు.

“మీరే. మీ నాయనే గదా!”

“నాయన గాబట్టే చెప్పలేను.”

అత్తమ్మకు నేనే చెప్పాను. ఆమె నమ్మలేదు సరిగదా, కోప్పడింది. “ఛ, ఊరుకో. ఆ ముక్కుకేంది? నా చెయ్యి తప్పిందని నన్ను ఓదార్చేదానికి ఆయనకు లేని రోగం అంటగడతావా?” నా బి.ఏ. ఎందుకూ పనికిరాలేదు. ఆ మాట ఆయన నోట వస్తే తప్ప ఆమె తన చేతిని మళ్లీ నమ్మదు. అది రాదు. రోజులు అట్లాగే గడిచాయి.

ఎండాకాలంలో పక్కింటి కామాక్షయ్యగారి అమ్మాయి పెళ్లి వచ్చింది. మగపెళ్లివారు చిల్లకూరు వాళ్లు. మా వైపు పెళ్లిళ్లలో పప్పు మాడినా క్షమిస్తారు గానీ, విడిదిలో మొదటి కాఫీ బాగాలేకపోతే తాళి కట్టేదాకా సాధిస్తారు. అందుకని అందరికీ వంటవాళ్ల గుండిగ కాఫీ, వియ్యాలవారిలో పెద్దలకు మాత్రం మా ఇంటి ఫిల్టరు కాఫీ పంపడం వీధిలో ఆనవాయితీ. అత్తమ్మ ఎప్పుడూ లేనిది ఈసారి కాదంది.

“నా వల్ల గాదన్నా. అమ్మాయి పెడతది.”

“అట్టంటే ఎట్టమ్మా? నీ చేతి కాఫీ అని చిల్లకూరోళ్లకు ముందే చెప్పుకున్నా” అని కామాక్షయ్యగారు బతిమాలారు. చివరికి, నేను పక్కనే నిలబడాలన్న షరతు మీద ఒప్పుకుంది.

తెల్లవారుజామున పెళ్లింటి దొడ్లో పందిరి కింద కూర్చున్నాం. పెట్రోమాక్సులు వెలిగించీ ఆర్పీ చోటంతా కిరసనాయిలు కంపు. అత్తమ్మ పొడి కొలిచి, నా వైపు చూసి, ఇంకాస్త వేసింది. మామగారు మద్రాసు ఫిల్టరును తన పద్ధతిలో లోపల, బయట, బిళ్లతో సహా తుడిచి ఇచ్చారు. డికాషన్ చిక్కగా దిగింది. కలిపి గ్లాసు ఇస్తే ఆయన ముక్కు దగ్గర పెట్టుకుని, “పంపించండి” అన్నారు.

నేను ఊపిరి పీల్చుకునేలోపే పెళ్లికొడుకు మేనమామ హజరత్తయ్యగారు గ్లాసు పట్టుకుని దొడ్లోకి వచ్చారు. వెనక మరో పదిమంది.

“కామాక్షయ్యా! మీ ఊర్లో దీన్ని కాఫీ అంటారా? మా ఊర్లో దీంతో దీపం వెలిగిస్తాం!”

గ్లాసులు చేతులు మారాయి. మూతులు ముడుచుకున్నాయి. కామాక్షయ్యగారి ముఖం పాలిపోయింది. నేను ఒక గుక్క నోట్లో వేసుకుని కక్కలేక మింగాను. అచ్చమైన కిరసనాయిలు.

“ఎవురు పెట్టినారీ కాఫీ?”

అత్తమ్మ లేచి నిలబడింది. తలమీద కొంగు సర్దుకుంది.

“నేనేనయ్యా పెట్టింది. ఆయన్నేం అనబాకండి” అంది. కామాక్షయ్యగారిని అనవద్దని ఆమె భావం. “నాకే చెయ్యి తప్పింది. జ్వరాలొచ్చిన కాడ్నించీ ఇంతే. మా ఇంట్లో గూడా నేను పెట్టడం మానుకున్నా. మీ ముందర పెట్టాల్సింది గాదు, తప్పు నాదే.”

అంతమంది మగవాళ్ల ముందు ఆమె అంత పెద్ద మాట మాట్లాడగా నేను ఎన్నడూ వినలేదు. సరిగ్గా అప్పుడే లైట్ల చిన్నపోలయ్య పందిరి గుంజ చుట్టూ వెతుక్కుంటూ వచ్చాడు.

“లైట్లు తుడిచే గుడ్డ ఈడ ఏసినా. ఎవురన్నా తీసినారా?”

గుడ్డ మామగారి భుజం మీద ఉంది.

అందరూ చూశారు. ఆయన దాన్ని భుజం మీద నుంచి తీశారు. మెల్లగా ముక్కు దగ్గరికి తెచ్చుకున్నారు. గట్టిగా పీల్చారు. మడత విప్పి, ఇంకో వైపు పెట్టుకుని మళ్లీ పీల్చారు. నాకు చూడబుద్ధి కాక తల వంచుకున్నాను.

“హజరత్తయ్యా, ఆమెనేం అనబాకండి” అన్నారు మామగారు. “ఫిల్టరు తుడిచింది నేను. ఈ గుడ్డతోనే. ఇది కిరసనాయిలు గుడ్డ అని నాకు తెలవలే. ఇదో, ఇప్పుడు గూడా తెలవడం లే.”

తరువాత అత్తమ్మ వైపు తిరిగారు. ఆమె ఇంకా నిలబడే ఉంది, కొంగు రెండు చేతులతో పట్టుకుని.

“ఆదిశేషా, నీ చెయ్యి తప్పలే. ఫ్లూ వచ్చినప్పుడే నాకు ముక్కు పోయింది. చెప్పుకునేదానికి నామోషీ అయి ఫిల్టరు మీద పెట్టినా, బాషా మీద పెట్టినా, నీళ్ల మీద పెట్టినా. నువ్వు నీ మీద ఏసుకుంటా ఉంటే గూడా చూస్తా ఊరుకున్నా. నాదే తప్పు.”