ప్రధానం ముందర పియర్ చెట్టు

సోమవారం తెల్లవారుజామున వీచిన గాలికి పక్క వీధిలో ఒక పియర్ చెట్టు నిలువునా చీలిపోయింది. సగం చెట్టు నిలబడే ఉంది. మిగతా సగం పూలతో సహా ఎవరిదో కారు మీద పడి ఉంది. మనురేవా పేటలో తన కిరాణా దుకాణం తెరవడానికి బయలుదేరిన ఆదాము అక్కడ బండి ఆపి కిందికి దిగాడు. చుట్టూ చేరినవాళ్లంతా నొక్కుకుపోయిన కారును చూస్తున్నారు. అతను మాత్రం చీలికను చూశాడు. రెండు కొమ్మలు కలిసినచోట చెక్కకు చెక్క అతుక్కోలేదు. మధ్యలో నల్లటి బెరడు ఇరుక్కుని ఉంది. పైకి గట్టిగా కుట్టినట్టు కనబడే బస్తా లోపల దారమే లేనట్టుంది.

అతని ఇంటి ముందున్నదీ అదే జాతి చెట్టు. వాళ్లుండే ఫ్లాట్ బుష్ కాలనీలో ఇళ్లు కట్టినవాళ్లు ఒకే చోటి నుంచి లారీలకొద్దీ తెచ్చి గేటుకొకటి నాటేశారు. కాయ కాయదు. ఈ దేశపు వసంతంలో, అంటే సెప్టెంబరులో, తెల్లగా విరగబూస్తుంది, మే వచ్చేసరికి ఎర్రబడి రాలిపోతుంది. చూపించుకోవడమే దాని వ్యాపారం.

ఆ శనివారం ఆ చెట్టు కిందే అతని కూతురు జెన్సీ ప్రధానం. రెండు కుటుంబాలూ బైబిళ్లు మార్చుకుని, పిల్లాపిల్లాడూ ఉంగరాలు తొడుక్కుని, అయ్యగారు ప్రార్థన చేసి ఈ పెళ్లి ఖాయమని సంఘం ముందు చెప్పే రోజు. చర్చికి వాడుకునే హాలు ఆ రోజు ఇంకెవరికో వెళ్లిపోయింది. పెరడేమో బట్టలు ఆరేసుకోవడానికే చాలదు. ఉన్న జాగా అంతా ముందువైపే, దాని నడుమ ఈ చెట్టు.

దుకాణంలో ఆ రోజు అతని చేతులు ఒకచోట, బుర్ర ఒకచోట ఉన్నాయి. కందిపప్పు అడిగినవాళ్లకు శనగపప్పు ఇచ్చాడు. సాయంత్రం ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా చెట్టు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. వృద్ధాశ్రమంలో డ్యూటీ ముగించుకుని వచ్చిన జ్ఞానమణి, నర్సు దుస్తుల్లోనే గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏవండీ, ఆ ప్రదక్షిణాలేంటి? మనం క్రైస్తవులం, గుర్తుందా?"

"కొమ్మలు చూస్తున్నా."

"ఇప్పుడా చూసేది? మునగచెట్టు వైద్యం చేసినప్పుడు చూడాల్సింది."

ఆ మాట సూదిలా గుచ్చుకుంది. కిందటేడాది కాక అంతకు ముందటి చలికాలంలో, ఏలూరు దగ్గర తమ ఊళ్లో కాపు అయిపోయిన మునగను నరికినట్టు, ఈ పియర్ తలను తనే రంపంతో తెగ్గోశాడు. మునగ అయితే గుబురుగా చిగురేసి మళ్లీ కాస్తుంది. ఇదీ చిగురేసింది. కోసిన ప్రతిచోటా చీపురు కట్టలా పది కొమ్మలు లేచాయి, ప్రతి కొమ్మా పూసింది. వీధిలో అంత పూత ఇంకే చెట్టుకూ లేదు. వచ్చినవాళ్లంతా మెచ్చుకుంటే అతనూ మీసం దువ్వాడు. పెళ్లికొడుకు ఫ్రాంక్లిన్ తల్లి రాజ్యం మనసు పడింది కూడా ఆ పూత మీదే. "మా న్యూ లిన్ ఫ్లాట్‌లో కుండీలో కొత్తిమీర తప్ప ఏముంది అన్నయ్యగారూ, ప్రధానం ఈ చెట్టు కిందే పెట్టండి" అంది. ఇప్పుడు లెక్క చూసుకుంటే, లాభమని మురిసిందంతా పైపైన అతికించిన బరువే.

మర్నాడు చెట్లు కోసే మనిషిని పిలిపించాడు. మెరె అనే నడివయసు మావోరీ ఆవిడ, ఈ దేశపు మూలవాసి. డ్రైవ్‌వే ఖాళీగా ఉన్నా, లారీని రోడ్డుకు అవతలివైపు పెట్టి నడిచి వచ్చింది. నిచ్చెనెక్కి కొమ్మల మొదళ్లన్నీ తడిమి చూసి దిగింది.

"రెండు దారులున్నాయి," అంది. "కొనలు కొంచెం కొంచెంగా తగ్గించి, కొమ్మలకు బెల్టులు కట్టి, మూడు నాలుగేళ్లు కనిపెట్టుకుని ఉండటం ఒకటి. అయితే ఈ వారమే బరువు తగ్గించాలంటే పూలున్న కొమ్మలన్నీ పోతాయి. పోయినా, అన్నీ ఒకేచోట నుంచి లేచాయి కాబట్టి మొదట్లో ఉన్న బలహీనత అలాగే ఉంటుంది. రెండోది, తీసెయ్యడం."

"శనివారం దీని కింద డెబ్బైమంది కూర్చోవాలి. కూర్చోబెట్టొచ్చా?"

"గాలి లేకపోతే ఏమీ కాదేమో."

"ఆ 'ఏమో' తీసేసి చెప్పగలవా?"

ఆవిడ నవ్వింది. "తీసేస్తే నాకు ఈ పని ఉండదు."

"మరి నీ బండి అవతల ఎందుకు పెట్టావు?"

మెరె లారీ వైపు చూసింది, చెట్టు వైపు చూసింది. "అది అలవాటు," అంది.

అమ్మేవాడి మాట కంటే వాడు తన ఇంటికి ఏ సరుకు పట్టుకెళ్తున్నాడో చూసే రకం ఆదాము. చెట్టు తీయించెయ్యడానికి అతనికి ఆ ఒక్క మాట చాలు. కానీ ఇంట్లోవాళ్లకు చాలదు.

హాస్పిటల్లో ఫిజియోథెరపిస్టుగా చేసే జెన్సీ ఆ సాయంత్రం వస్తూనే అందుకుంది. "డాడీ, సీరియస్‌లీ? ఫుల్ బ్లూమ్‌లో ఉన్న ట్రీని ఎవరైనా కట్ చేస్తారా? రాజ్యం ఆంటీ అందరికీ ఫోటో పంపించేసింది."

"గాలొస్తే?"

"రాకపోతే?"

"రాకపోతే మంచిదే."

"అది పడే ఛాన్స్ ఎంత? చెప్పు."

"తక్కువే."

"మరి?"

"కరెంటు పోయి ఫ్రీజర్ ఎంతసేపు ఆగిందో తెలియదనుకో. అందులో చేప బాగానే ఉండొచ్చు. నేను అమ్ముతానా?"

"ఇది ఫిష్ కాదు డాడీ, నా ఎంగేజ్‌మెంట్!"

"వాసన మాత్రం చేపదే," అంది జ్ఞానమణి వంటింట్లోంచి. ఆ పూల వాసన నిజంగానే ఎండుచేపల బజారును తలపిస్తుంది. తండ్రీకూతుళ్లిద్దరికీ నవ్వొచ్చింది. నవ్వితే బేరం తేలిపోతుందన్నట్టు ఇద్దరూ బిగబట్టుకున్నారు.

రాజ్యానికి అతనే ఫోన్ చేశాడు. విషయం దాచి శనివారం చూపించే కంటే ముందే చెప్పడం మంచిదనుకున్నాడు.

"వందనాలు అన్నయ్యగారూ. పూసిన చెట్టును ప్రధానం ముందు కొట్టించేస్తారా? మనకు శకునాలూ అవీ లేవనుకోండి. అయినా..."

"అయినా అన్నారంటే ఉన్నట్టేగా చెల్లెమ్మా."

ఆవిడ పొడిగా నవ్వింది. "మీ ఇష్టం. మావాళ్లేమంటారో," అని పెట్టేసింది.

బుధవారమంతా ఆదాము గల్లా దగ్గర ఫోన్ పట్టుకుని వాతావరణం చూస్తూనే ఉన్నాడు. ఒకసారి శనివారం పడమటి గాలి జోరుగా అంటుంది, గంట పోయాక చూస్తే తేలికపాటి గాలి అంటుంది. కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే ఎటెళ్లాలో తోచలేదు. చెట్టు కొట్టిస్తే పోయేవి కళ్లకు కనబడుతున్నాయి: పూలు, కూతురి ముచ్చట, వియ్యపురాలి మాట. ఉంచితే పోయేది మాత్రం కనబడటం లేదు. కనబడని నష్టాన్ని ఎవరికి చూపించి ఒప్పించాలి?

ఇంటికొచ్చేసరికి అద్దె కుర్చీలు దిగాయి. జెన్సీ పచ్చిక మీద నిలబడి ఏ వరుస ఎటు వెయ్యాలో చూసుకుంటోంది. దుకాణంలో మొండి గిరాకీ వచ్చినప్పుడు ఆదాము వాదించడు. సరుకు వాళ్ల చేతికే ఇచ్చి ఊరుకుంటాడు. ఇక్కడా అదే చేశాడు.

"సరేనమ్మా, చెట్టు ఉంచేద్దాం. కుర్చీలు నువ్వే వెయ్యి. ఈ పెద్ద కొమ్మ కింద ఎవరిని కూర్చోబెడతావో చెప్పు, చాలు."

జెన్సీ ఒక కుర్చీ లాగింది. "ఇక్కడ అయ్యగారు..." అని తల పైకెత్తింది. కుర్చీ పక్కకు జరిపింది. "రాజ్యం ఆంటీ వాళ్లు..." అని మళ్లీ ఆగింది.

"మీ అమ్మకు వెయ్యి. వరండా మీద నుంచి వినబడటం లేదంటుందిగా."

"స్టాపిట్ డాడీ."

"ఎవరో ఒకరు కూర్చోవాలి కదా."

"నేనే కూర్చుంటా! హ్యాపీయా?"

"నువ్వొక్కదానివే ఎందుకు కూర్చుంటావు? పక్కన ఫ్రాంక్లిన్ ఉంటాడు."

జెన్సీ చేతిలోని కుర్చీని గడ్డి మీదే వదిలేసింది. గాలి పెద్దగా లేదు. అయినా పైన ఆ చీపురు కొమ్మలు ఒకదానికొకటి రాసుకుంటూ కిర్రుమంటున్నాయి. పెదవి కొరుక్కుంటూ కాసేపు విన్నది.

"కట్ చేయించెయ్," అంది. "నేను డ్యూటీకి వెళ్లాక. నాకు చూపించొద్దు."

బేరం గెలిచాడు ఆదాము. గెలిచిన బేరం అంత చేదుగా ఉండటం అతనికి అదే మొదలు.

గురువారం దుకాణాన్ని పనికుర్రాడికి అప్పగించి ఇంటిదగ్గరే ఉన్నాడు. రంపం మోత మొదలైనప్పటి నుంచి గేటు దాకా వెళ్లడం, వెనక్కి రావడం, ఎవరూ అడగకుండానే టీ పెట్టడం. కొమ్మలను పొట్టు చేసే యంత్రంలోకి తోస్తుంటే పూలు పొట్టుతో కలిసి తెల్లగా ఎగిరాయి. వీధి వీధంతా ఎండుచేపల వాసన. మోడు మిగిలాక అతను మెరెను అడిగాడు:

"శనివారం పడి ఉండేదంటావా?"

"ఎవరు చెప్పగలరు? శనివారమే పడేదో, పదేళ్లు నిలబడేదో."

ఆ జవాబు అతని లోపల ఏ అరలోనూ పట్టలేదు. అటూ ఇటూ దొర్లుతూ ఉండిపోయింది.

శనివారం ఆకు కూడా కదల్లేదు.

అంత నిమ్మళమైన రోజు ఆ నెల మొత్తంలో లేదు. గాలి వాటం చూడటానికి ఎదురింటివాళ్లు గుంజకు కట్టిన గుడ్డగొట్టం చచ్చిన పాములా వేలాడింది. నీడ లేని పచ్చిక మీద ఎండ నడినెత్తిన కాల్చింది. వచ్చినవాళ్లు వరుసగా కూర్చున్నారు గానీ, మోడు చుట్టూ మాత్రం ఎవరూ కుర్చీ వేసుకోలేదు. శవాన్ని ఇప్పుడే ఎత్తుకెళ్లిన చోటులా గుండ్రంగా ఖాళీ మిగిలింది. న్యూ లిన్ నుంచి వచ్చినవాళ్లలో ఎవరో ఫోన్‌లో పాత ఫోటో తీసి పక్కవాళ్లకు చూపిస్తున్నారు.

బైబిళ్లు మార్చుకున్నారు. ఉంగరాలు తొడుక్కున్నారు. అయ్యగారు ఎండకు త్వరపడి ప్రార్థన ముగించారు. "ఆమేన్" అన్నాక కళ్లు తెరిచి రాజ్యం అందరికీ వినబడేలా అంది:

"అస్సలు గాలే లేదు కదండీ అన్నయ్యగారూ."

"లేదు చెల్లెమ్మా."

జరగని నష్టానికి సాక్ష్యం తేలేడు. జెన్సీ తన వైపు చూస్తోందని తెలిసినా అటు తిరగలేదు. ఒక కుర్చీ తీసుకుని నేరుగా ఆ ఖాళీలోకి వెళ్లి, రంపపు పొట్టు మీద వేసుకుని కూర్చున్నాడు. కాసేపు అందరూ అతన్నే చూశారు. తర్వాత జెన్సీ లేచింది. కొత్త చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి పక్కన వేసింది.

"మోస్ట్ డేంజరస్ ప్లేస్‌లో కూర్చుంటా అన్నాగా," అంది. గొంతులో కోపం ఇంకా పూర్తిగా చల్లారలేదు. "ఫ్రాంక్లిన్, నువ్వూ రా."

పిల్లాడు కుర్చీతో వచ్చాడు. వాడి వెనకే రాజ్యం గొడుగు విప్పుకుని, "ఎండలో పిల్లల్ని మాడుస్తారా ఏంటి" అని గొణుక్కుంటూ వచ్చింది. ఒకరి తర్వాత ఒకరు కుర్చీలు జరుపుకున్నారు. గుండ్రటి ఖాళీ జనంతో నిండిపోయింది.

ఆదాము వాళ్ల తలలన్నీ ఒకసారి చూసుకున్నాడు. తర్వాత, ఏమీ లేదని తెలిసి కూడా, తల ఎత్తి పైకి చూశాడు. కాసేపయ్యాక మళ్లీ చూశాడు.