జీడి కార్ఖానా మీద పడని బాంబు

నేను ఒక సైరన్‌ని. కరెంటుతో మోగే షోకిలాదాన్ని కాదు. ఇనుప కాళ్ల మీద నిలబడి, పిడి పట్టుకుని తిప్పితే కూసే పాతకాలపుదాన్ని. పుట్టుకతోనే నాకు రెండు మాటలు నేర్పారు. గొంతు పైకీ కిందికీ పోతూ కూస్తే ‘బాంబులొస్తున్నాయి, పడుకోండి’ అని. ఒకే గొంతుతో సాఫీగా కూస్తే ‘గండం గడిచింది, లేవండి’ అని. ఈ రెండు మాటలతోనే ఇంత బతుకూ వెళ్లదీశాను. మనుషులకు అన్ని మాటలు ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

పెద్ద యుద్ధం రోజుల్లో నన్ను విశాఖపట్నం రేవు దగ్గర ఒక మేడ మీద నిలబెట్టారు. నేను కూస్తే చాలు, దొరలూ కూలీలూ ఒకే గోతిలో దూకేవారు. నోట్లో గుడ్డ కుక్కుకుని, చెవుల్లో వేళ్లు పెట్టుకుని బోర్లా పడుకోవాలని సర్కారు అందరికీ నేర్పింది. ఎవరు ఎవరి మీద ఎందుకు బాంబులేస్తున్నారో ఆ గోతిలో ఒక్కరికీ తెలియదు. తెలిసినవాడు పైన తిరుగుతుండేవాడు. ఆయన కూర్మనాథం షావుకారు, మేడల చుట్టూ పేర్చే ఇసుక మూటల కాంట్రాక్టరు. మూటలో సగం ఇసుక, సగం ఊక. బాంబు పడితే గుట్టు బయటపడుతుంది, యుద్ధం ఆగితే బేరం పోతుంది. పడుతుందేమోనన్న భయం మాత్రం చల్లగా వర్ధిల్లాలి. అందుకని శుక్రవారం శుక్రవారం నా కాళ్ల దగ్గర కొబ్బరికాయ కొట్టేవాడు. యుద్ధాలెందుకొస్తాయని పెద్దపెద్దవాళ్లు తలలు బద్దలు కొట్టుకుంటున్నప్పుడు నాకు ఆ కొబ్బరి చిప్పలే గుర్తొస్తాయి.

పాపం, ఆయన మొక్కులు ఫలించక యుద్ధం ఆగిపోయింది. నన్ను వేలం వేస్తే పాత భక్తుడే పాడుకున్నాడు. ఉద్దానంలో కొత్తగా పెట్టిన జీడిపిక్కల కార్ఖానాకు మోసుకుపోయి కప్పు మీద ఎక్కించాడు. ‘యుద్ధంలో దీని కూతకి పట్నమే పరిగెత్తింది, ఈ ఆడకూలీలు పరిగెత్తరా?’ అని మురిసిపోయాడు.

మధ్యాహ్నం ఒకసారి సాఫీగా కూస్తే బువ్వకు లేవాలి. మళ్లీ కూస్తే పనిలో కూర్చోవాలి. నన్ను తిప్పేది ముసలి కాపలాదారు నూకన్న. ఎప్పుడు తిప్పాలో చెప్పేది షావుకారు. ఆ రెండు కూతల మధ్య ఎడం నెలనెలా కుంచించుకుపోయింది. ముద్ద నోట్లో ఉండగానే నేను మొరిగేదాన్ని. నామీద నాకే అసహ్యం వేసేది.

అందరికంటే గౌరమ్మ అవస్థ చూడలేకపోయేదాన్ని. ఆమె చంటిపిల్ల చెట్టుకు కట్టిన చీర ఉయ్యాలలో ఉండేది. జీడి సొన తగిలితే పసిచర్మం బొబ్బలెక్కుతుంది. అందుకని చేతులు బూడిదతో రుద్ది రుద్ది కడుక్కుంటే గాని గౌరమ్మ పిల్లను ముట్టుకునేది కాదు. కడుగుడు అయ్యేసరికి ఎడం అయిపోయేది. పిల్ల రొమ్ము అందుకోగానే నా రెండో కూత. ఒకరోజు ఆమె లేవకుండా కూర్చుంటే షావుకారు వచ్చి, “రేపట్నించి ఈ గుంటని తెచ్చేవంటే పన్లోకి రాకు!” అన్నాడు. ఇంట్లో చూసేవాళ్లు లేరు, పని మానితే పొయ్యి వెలగదు.

మర్నాడు గౌరమ్మ పిల్లతోనే వచ్చింది. అదే రోజు నూకన్నకు భుజం పట్టేసింది. రెండో కూతకు పిడి తిప్పబోతే చెయ్యి ఆగి ఆగి తిరిగింది, నా గొంతు పైకీ కిందికీ ఊగింది. యుద్ధంలో రేవులో ఇటుకలు మోసిన దాలమ్మ గబుక్కున తలెత్తింది.

“ఓలమ్మ! బాంబులొచ్చేత్తన్నాయర్రా! తొంగోండి, బేగి తొంగోండి!”

ఆడవాళ్లంతా బిలబిలమంటూ పక్కనున్న ఎండు కాలవలోకి దిగి, నోట్లో కొంగు కుక్కుకుని, చెవుల్లో వేళ్లు పెట్టుకుని బోర్లా పడుకున్నారు. గౌరమ్మ ఒక్కతే పక్కకు ఒత్తిగిలి పిల్లకు పాలిచ్చింది. షావుకారు గట్టు మీద గంతులేశాడు, తిట్టాడు. చెవుల్లో వేళ్లాయె, వినేదెవరు? నోట్లో గుడ్డలాయె, బదులు చెప్పేదెవరు? వరసగా వీపులు మాత్రం నవ్వుతో ఎగిరెగిరి పడుతున్నాయి. చివరికి దాలమ్మ కొంగు కాస్త తీసింది.

“ఏటి సేత్తాం బాబూ, సర్కారోలు నేర్పిన సదువు. సాపుగా కూత్తేనే లెగమన్నారు. లేపోతే పేనాలు పోతాయట.” మళ్లీ కుక్కుకుంది.

షావుకారు పైకెక్కి తనే పిడి పట్టుకున్నాడు. డబ్బుల డబ్బాలో చెయ్యి పెట్టడం తప్ప ఎరగని చేతులవి. తిప్పినకొద్దీ నేను పైకీ కిందికీ ఊళలు వేశాను. కింద వీపులు ఇంకా ఎగిరాయి. చెమటలు కక్కుతూ ఆయన కూలబడి, “తల్లీ, మీకు దణ్ణం పెడతాను, లెగండి!” అన్నాడు. గండం ఎలా గడుస్తుందో దాలమ్మ చెప్పింది. చంటిపిల్లల కడుపు నిండాకనే రెండో కూత. షావుకారు సరేనన్నాడు.

పిల్ల నిద్రపోయింది. గౌరమ్మ దాన్ని భుజాన వేసుకుని కప్పెక్కి, ఒంటిచేత్తో నన్ను తిప్పింది. ఎంత సాఫీగా కూశానో! యుద్ధంలో ఎన్నోసార్లు ‘గండం గడిచింది’ అన్నాను. నిజం చెప్పడం మాత్రం అదే మొదలు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

ఇప్పుడు నేను పాత ఇనప సామాన్ల కొట్టులో ఉన్నాను. మొన్న కొట్టువాడు సరదాకి నా పిడి తిప్పాడు. తుప్పు పట్టిన గొంతు పైకీ కిందికీ పోయింది. రోడ్డు మీద మనవరాలి చెయ్యి పట్టుకుని పోతున్న ఒక ముసలామె టక్కున ఆగి, అక్కడికక్కడే కింద కూర్చుని, నోట్లో కొంగు కుక్కుకుని, చెవుల్లో వేళ్లు పెట్టుకుంది. బస్సులు ఆగిపోయాయి. “ఓలమ్మ, మామ్మా, లెగు, అందరూ సూత్తన్నారు!” అని మనవరాలు సిగ్గుతో చచ్చిపోతోంది.

కొంగు వెనక గౌరమ్మ నవ్వుతోంది. కొట్టువాడు తిప్పి తిప్పి నా చేత సాఫీగా కూయించేదాకా ఆవిడ లేవలేదు.