అసలు చూడని ట్రూ కాపీ

నేను ఒక రబ్బరు స్టాంపుని. ముందుగా మా ఇంటిదాని గురించి, అంటే ఇంకు ప్యాడు గురించి, ఒక మాట చెప్పుకోవాలి. నేను వేసే ప్రతి అక్షరమూ తన పుట్టింటి సొమ్మే అన్నట్టు మాట్లాడుతుంది. ఎండాకాలంలో తాను నోరెండి పడుకుని, అక్షరాలు సరిగా పడకపోతే నింద నా మీద వేస్తుంది.

నేను పుట్టింది కోర్టు వీధిలో ఒక ఇరుకు కొట్లో. టేకు పిడి, కింద రబ్బరు మీద తిరగేసి చెక్కిన రెండు ఇంగ్లీషు మాటలు: ట్రూ కాపీ. అసలు కాగితాన్ని నకలు పక్కన పెట్టి, వరసవరసా పోల్చి చూసిన మనిషికే ఆ మాట వేసే హక్కు ఉందని, నన్ను చెక్కినాయన పక్క కొట్టాయనతో అంటుంటే విన్నాను. అప్పటి నుంచి అసలు కాగితం ఎలా ఉంటుందో చూడాలని నాకు మహా కుతూహలం.

నన్ను కొన్నది పాలకొల్లులో పశువుల డాక్టరు సోమయాజులు గారు. గెజిటెడ్ ఆఫీసరు. మిగతా ఆఫీసర్లు అడిగినప్పుడు దొరకరు, ఈయన గేదెల మధ్య ఎప్పుడూ దొరుకుతారు. అందుకని ఊళ్ళో సర్టిఫికెట్లన్నీ ఇక్కడికే. గేదెకి సూది వేసిన చేతినే తుడుచుకుని నన్ను అందుకునేవారు. పదకొండేళ్ళలో ఒక్కరినీ అసలు కాగితం చూపించమనలేదు. అడిగితే మనిషిని అనుమానించినట్టట.

"పళ్ళు చూడందే గేదె వయసు చెప్పరు కదా, కాగితాల మీద మాత్రం చూడకుండానే వేసేస్తారేం?" అనేవారు ఆయన భార్య కామేశ్వరి గారు.

"మనవాళ్ళేనే."

ఆయన లెక్కన ఊరంతా మనవాళ్ళే.

ఒక ఉదయం పాలు పోసే సత్తిరాజు గేదెతో పాటు చిన్నకూతురు పుష్పలత మార్కుల లిస్టు జెరాక్సు తెచ్చాడు. నర్సింగులో సీటు కోసం. నేను పడ్డాను. పడ్డాక చూస్తే అది పెద్దకూతురు పుష్పవేణిది. స్టాంపులకి గొంతుండదు.

నాలుగో రోజు సత్తిరాజు పుష్పలతని వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చాడు. "కాలేజీవోళ్ళు దొంగ కాయితం పెట్టామంటన్నారండి. సాయంత్రం నాలుగు దాటితే సీటు ఇంకోళ్ళకి ఇచ్చేత్తారంటండి."

డాక్టరు గారు నన్ను జేబులో వేసుకుని వాళ్ళతో బస్సెక్కారు. దారి పొడవునా, "చూసుకు తేవద్దుటయ్యా?" అని ఆయన, "ఆయ్, నాదే బుద్ధి తక్కువండి" అని సత్తిరాజు. పుష్పలత కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

కాలేజీలో ప్రిన్సిపాలు గారు పుష్పలత అసలు కాగితాన్నీ, నేను పడ్డ నకలునీ పక్కపక్కన పెట్టారు. నేను జేబులోంచి తొంగి చూశాను. అసలు కాగితం మడతల దగ్గర మెత్తబడి ఉంది, ఒక మూల పసుపు మరక. నకలుకి ఆ మెత్తదనం రాదు.

"అక్క మార్కులు ఎక్కువని, అక్క అసలు కాగితమే డాక్టరు గారికి చూపించి స్టాంపు వేయించుకున్నారన్నమాట. పోల్చకుండా ఆయన వెయ్యరు కదా," అన్నారావిడ. "పోల్చలేదంటే ఆ మాట ఆయనే చెప్పాలి. లేదా సీటు రద్దు."

సత్తిరాజు తలవంచుకున్నాడు. అసలు నిజం అతనికీ తెలుసు, కానీ డాక్టరు గారి పరువు తీసే మాట అతని నోట రాదు. పుష్పలత మాత్రం తల తిప్పి డాక్టరు గారి వైపు చూసింది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకోలేదు.

"పోల్చలేదమ్మా," అన్నారు. "అసలు ఏదని నేను అడగనే లేదు. ఈ పిల్ల మోసం ఏమీ లేదు. తప్పు నాది, రాసిమ్మన్నా రాసిస్తాను."