అడ్డుకున్నవి సున్నా

క్లబ్బులో అందరూ ఆమెను గోడ అనేవాళ్ళు. హాకీ జట్టులో డిఫెండరు. బంతి ఎటు రాబోతోందో ముందే పసిగట్టి, తాపీగా వెళ్ళి ఆ దారిలో నిలబడేది. వచ్చేవాళ్ళు ఆమెను చూసి పక్కకు తిరిగిపోయేవాళ్ళు. వెనక గోల్ కాసే సొంత చెల్లెలికి హెల్మెట్ లోపల ఆవులింతలు తప్ప పనుండేది కాదు.

అలాంటి క్లబ్బులోకి ప్రెసిడెంటుగారి అల్లుడు లాప్‌టాప్ చంకన పెట్టుకుని ఊడిపడ్డాడు. హాకీ కర్ర ఎటునుంచి పట్టుకోవాలో తెలియదు గానీ, ఆటంతా అంకెల్లోనే ఉందని మాత్రం తెలుసు. అందరి ముందూ తెర మీద పట్టిక వేసి, "ఈవిడ అడ్డుకున్న బంతులు సున్నా అండీ. జట్టులో దేనికి?" అన్నాడు.

కోచ్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. "మీ అంకెలు ఏట్లో పారేయండి! ఇన్నేళ్ళుగా నేను కళ్ళతో చూసి ఎంచుతున్నా" అని ఎగిరాడు. ఎంత కోపమొచ్చినా ప్రెసిడెంటుగారి అల్లుడు కదా, 'అండి' మాత్రం వదల్లేదు. గోడకు ప్రాణం లేచొచ్చింది. అంతలోనే ఆయన, "అయినా ఈ అమ్మాయి నా కంటికీ ఆనదులెండి. ఎప్పుడు చూసినా ఊరికే నిలబడి ఉంటుంది" అన్నాడు.

ఉప్పూ నిప్పూలాంటి ఆ ఇద్దరూ ఆమెను పీకెయ్యడం దగ్గర మాత్రం ఒక్కటయ్యారు. ఆదివారం పక్క క్లబ్బుతో ఆడే మ్యాచే ఆఖరి అవకాశమన్నారు. పెద్ద టోర్నమెంటు కోసం మోకాలికి ఆపరేషన్ చేయించుకుని మరీ తిరిగొచ్చిన మనిషి ఆమె. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆదివారం గోడ దారి వదిలింది. ఎదుటివాళ్ళను రానిచ్చింది, దాటనిచ్చింది, ఆ తర్వాత వెంటపడి, కింద పడి దొర్లి, బంతి లాక్కుంది. జనం ఒకటే ఈలలు. అల్లుడి వేళ్ళు లాప్‌టాప్ మీద చిందులేశాయి. "అదీ ఆటంటే!" అని కోచ్ తొడ చరిచాడు. ఇంటికి తానే నిప్పంటించి బిందెతో పరిగెత్తేవాడికి జేజేలు కొట్టినట్టుంది వ్యవహారం. ఆమెకు అందని బంతులు నాలుగు గోల్స్ అయ్యాయి. జట్టు చిత్తుగా ఓడింది.

సాయంత్రం చదివిన టోర్నమెంటు జట్టు జాబితాలో మొదటి పేరు ఆమెదే. "ఇక గోల్‌కీపర్ని మార్చాలండీ, ఆపే శాతం ఘోరంగా పడిపోయింది" అన్నాడు అల్లుడు.

"నేనూ కళ్ళారా చూశాగా, నాలుగు వదిలేసింది" అన్నాడు కోచ్.

చెల్లెలు కళ్ళ నీళ్ళతో లేచింది. "అక్కా, వాళ్ళు ఎటునుంచి వచ్చారో, నువ్వెక్కడ నిలబడ్డావో నేను చూశాను. నువ్వైనా చెప్పక్కా."

అందరూ గోడ వైపు తిరిగారు. ఆమె తన పేరున్న ఆ జాబితా వైపే చూస్తూ, "అంకెలు అబద్ధం చెప్తాయా చెల్లీ?" అంది.