మూసు చెప్పిన దేశం

ఇళ్లలో పనికి ఆడవాళ్లను అప్పగించే ఆ మక్తబ్, అంటే ఏజెన్సీ ఆఫీసు, అరబ్బు దేశంలో హవల్లీ అనే చోట ఒక భవనం మూడో అంతస్తులో ఉంది. ముందు గదిలో సోఫాలు, చల్లటి ఏసీ. వెనక గదిలో ఒకటే కిటికీ, పదకొండు మంది ఆడవాళ్లు. ఆ మధ్యాహ్నం వాళ్లందరి కళ్లముందే, ఆ గదిని చూసుకునే జమీలా బీ గంగారత్నాన్ని చెంప మీద కొట్టింది.

గంగారత్నం కోనసీమ మనిషి. ముబారక్ అల్ కబీర్‌లో ఒక ఇంట్లో నాలుగు నెలలు చేసింది. ఆ ఇంటి యజమానురాలు, మామా అని పిలవాల్సిన మనిషి, ఇస్త్రీపెట్టెతో ఆమె ముంజేయి కాల్చింది. గంగారత్నం చెప్పులైనా లేకుండా ఈ మక్తబ్‌కే పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, ఆ ఇంటికి మాత్రం పంపకండి. మీ కాళ్లు పట్టుకుంటానండి."

"పంపకుంటే నిన్ను యాడ పెట్టుకునేది మే? రేపు పన్నెండుకి వాళ్ల కారొస్తాది. నోరు మూసుకుని ఎక్కు."

"ఎక్కనండి."

అప్పుడు లేచింది జమీలా బీ చెయ్యి.

జమీలా బీ రాయచోటి నుంచి వచ్చి ఇరవై రెండేళ్లు. పదహారేళ్లు ఇళ్లలో పాచిపని చేసింది. ఒకసారి తనూ పారిపోయి వస్తే ఈ మక్తబ్ వాళ్లే మళ్లీ అదే ఇంట్లో దించారు. ఆరేళ్ల కిందట ఇక్కడి ముదీర్, అంటే మేనేజరు, ఇనుప బీరువా తాళంచెవి ఆమెకిచ్చాడు. "వీళ్ల సంగతి నీకే బాగా తెలుసు, నువ్వే చూసుకో" అన్నాడు. కొత్తగా దిగిన ప్రతి మనిషి పాస్‌పోర్టూ ఆ బీరువాలోకే పోయేది. అది ఈ దేశపు చట్టానికే విరుద్ధమని ఆమెకు తెలుసు.

కిటికీ దగ్గర నుంచి మూసు లేచింది. లైబీరియా మనిషి. సాల్మియాలో మూడేళ్లు పని చేసింది. ఇంటికి పోతానంటే పాస్‌పోర్టు ఇవ్వక ఇక్కడ కూర్చోబెట్టారు. ఇళ్లలో నేర్చుకున్న అరబ్బీలోనే మాట్లాడింది.

"జమీలా, మా దేశం కథ విన్నావా?"

"నీ దేశం కథ నాకెందుకు?"

"అది నీ కథ కూడా కాబట్టి."

మూసు చెప్తుంటే కడప ముబీనా ఒక్కో ముక్కా తెలుగులో అందరికీ చెప్పింది.

"రెండు వందల ఏళ్ల కిందట అమెరికాలో బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్లు ఓడల్లో మా తీరానికొచ్చారు. వీపుల మీద కొరడా వాతలున్న మనుషులు. స్వేచ్ఛ కోసం వచ్చామని రాజముద్ర మీద రాసుకున్నారు. అబద్ధం కాదు. జ్వరాలకు ఎంతోమంది చచ్చిపోయినా నిలబడి దేశం కట్టారు. కానీ అక్కడ అప్పటికే మేమున్నాం."

"మరి మిమ్మల్నేం చేశారండి?" అంది గంగారత్నం, చెంప మీద చెయ్యి తియ్యకుండానే.

"వాళ్ల పాత యజమానులకు ఉన్నట్టే పెద్ద వరండాల ఇళ్లు కట్టుకున్నారు. మమ్మల్ని అడవి మనుషులన్నారు. ఎన్నో ఏళ్లు మాకు ఓటు లేదు. రోడ్ల పనికి వెట్టికి పట్టుకుపోయారు. మా ముత్తాతను సిపాయిలు తాళ్లతో కట్టి, ఎక్కడో ద్వీపంలో కోకో తోటల పనికి ఓడెక్కించారు. ఓడ, జమీలా! తమ తాతల్ని ఏ ఓడల్లో తీసుకుపోయి అమ్మారో వాళ్లకు తెలీదా?"



"నేనూ పడినా!" జమీలా బీ అరిచింది. "పదహారేళ్లు పడినా. నన్నెవరు అడిగినారు?"

"ఎవరూ అడగలేదు. ఇప్పుడు నువ్వేం చేస్తున్నావో మేం అడుగుతున్నాం."

ఆ సాయంత్రం మగ్రిబ్ నమాజులో జమీలా బీకి సూరా చదువుతుండగా మధ్యలో మాట తప్పింది. అరుణజ్యోతి గుర్తొచ్చింది. మూడుసార్లు తిరిగొచ్చిన పిల్ల. మూడోసారి సర్దిచెప్పి మళ్లీ ఆ ఇంటికే పంపింది తనే. వారం తర్వాత ఆ పిల్ల రెండో అంతస్తు నుంచి దూకింది. ముదీర్ అడిగితే "దానికి తిక్క" అని చెప్పింది కూడా తనే. నుదురు చాపకు ఆనించి చాలాసేపు లేవలేకపోయింది.

పొద్దున్నే వెనక గదిలోకి వచ్చి నేల మీద కూర్చుంది. అరుణజ్యోతి సంగతి ఏదీ దాచకుండా చెప్పింది. కొందరు ఏడ్చారు. ఒకామె మొహం తిప్పుకుంది.

"బీరువా తీస్తాండా. ఎవురివి వాళ్లు తీసుకోండి. పోలీస్ స్టేషన్‌కి పోదాం."

"పారిపోయినామని మన మీదనే కేసు పెడ్తారు," అంది ముబీనా.

"ఒక్కతి పోతే పెడతారు," అంది మూసు. "అందరం పోతే మనం చెప్పేది వినక తప్పదు."

గంట సేపు వాదించుకున్నారు. భయపడ్డవాళ్లను ఎవరూ తిట్టలేదు. చివరికి అందరూ ఒప్పుకున్నారు.

"నన్ను మన్నించమని అడగను," అంది జమీలా బీ, పాస్‌పోర్టు అందిస్తూ.

"అడక్కండి. నేను మన్నించలేదు," అంది గంగారత్నం. "కానీ పక్కనే నడవండి."

పన్నెండుకి ముదీర్ వచ్చేసరికి ఆడవాళ్లంతా ముందు గది సోఫాల్లో కూర్చుని ఉన్నారు.

"ఏంటిది? యల్లా, లేవండి! గంగా, కింద కారుంది!"

ఎవరూ కదల్లేదు.

"జమీలా, తాళంచెవి!"

"బీరువా ఖాళీ. ఖలాస్."

"పాచిపని నుంచి తీసుకొచ్చి నిన్ను మనిషిని చేశాను."

"మనిషిని చేయలేదు. నా మనుషుల మీదనే కాపలా పెట్టినావు."

పన్నెండుమందీ ఒకేసారి లేచారు. మెట్ల మీద ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. కింద డ్రైవర్ కారు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. ఆ తలుపు దాటి, మండే ఎండలో, స్టేషన్ దాకా నడిచారు.

వాళ్లకంటే ముందే ముదీర్ స్టేషన్‌కు ఫోన్ చేశాడు. జమీలా బీ పాస్‌పోర్టుల దొంగ అన్నాడు. ఆఫీసరు కాగితం తీశాడు.

"ముందు నేను చేసింది రాయండి," అంది జమీలా బీ. అరుణజ్యోతి పేరుతో మొదలుపెట్టింది.

గంగారత్నం తోసుకుని లోపలికొచ్చింది. "నన్ను కొట్టిందని కూడా రాయండి సార్. ఎవరు కొట్టించారో అది కూడా రాయండి!" గుమ్మంలో ముబీనా ఆ మాటను అరబ్బీలో అరిచి చెప్పింది.

ముదీర్ మీదా, జమీలా బీ మీదా కేసు నమోదైంది. మక్తబ్‌కు తాళం పడింది. జమీలా బీని, సొంత దేశానికి వెనక్కి పంపేసేవాళ్లను ఉంచే జైలుకు తరలించారు. మిగతావాళ్లు స్టేషన్ గేటు దగ్గర నుంచి కదలకుండా ఆ వార్తను ఫోన్లలో ఊరంతా పంపారు.

నాలుగో రోజు ఆ జైలు గదిలోకి కొత్తగా ఒకమ్మాయిని తోశారు. ఆ వార్త చూసి, సాల్మియాలో ఇంకో మక్తబ్‌లో తొమ్మిది మంది ఆడవాళ్లు తమ పాస్‌పోర్టులు అడిగి నేల మీద కూర్చున్నారట. వాళ్లలో ఒకతైన ఈమె పేరు హుమేరా, ఊరు హైదరాబాద్.

"జర జాగ ఇస్తవా ఆపా, కూసుంట," అంది.

"ముందు నేనేం చేసినానో విను. ఆమీద కూర్చుంటావో లేదో నువ్వే చెప్పు."

హుమేరా నిలబడే అంతా విన్నది. జమీలా బీ మొహం వంక చూడకుండానే ఆమె పక్కన కూర్చుంది. తర్వాత గదంతా ఒకసారి కలయజూసి అడిగింది:

"ఈడ మనం ఎంతమందిమున్నం?"